మీటర్ చెప్పకముందే మీరు చెప్పాలి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. వేపింగ్ పరికరంలో (ఈ-సిగరెట్‌లో) ద్రవాన్ని ఆవిరి చేసే తీగ చుట్టను, అంటే కాయిల్‌ను, సొంతంగా చుట్టుకోవడం. అందులోనూ ఒక ఓమ్ కంటే తక్కువ రెసిస్టెన్స్‌తో చుట్టడం. చాలామంది "ఎన్ని ఓమ్‌ల దాకా దిగొచ్చు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు బ్యాటరీ ఏదో, మోడ్, అంటే బ్యాటరీ, బటన్ ఉండే పరికరం ఒడి, ఏ రకమో తెలియకుండా జవాబు ఉండదు. అందుకే లెక్కతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: ఒకే 18650 సైజు లిథియం అయాన్ బ్యాటరీతో నడిచే మెకానికల్ మోడ్ వాడుతున్నాను. చుట్టిన కాయిల్ ఓమ్ మీటర్ (రెసిస్టెన్స్ కొలిచేది) మీద 0.2 ఓమ్‌లు చూపించింది. బ్యాటరీ 20 ఆంపియర్లది. వాడొచ్చా?

జవాబు: వాడకండి. ఫుల్ చార్జ్ అయిన లిథియం అయాన్ సెల్ 4.2 వోల్టులు ఉంటుంది. జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం వోల్టేజ్‌ని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు వస్తుంది. 4.2ను 0.2తో భాగిస్తే 21. మీ సెల్ నిరంతరం ఇవ్వగలిగింది 20. మెకానికల్ మోడ్‌లో బటన్, గొట్టం, బ్యాటరీ, కాయిల్ తప్ప మరేమీ ఉండవు. "ఇక చాలు" అని ఆపే సర్క్యూట్ లేదు. కాయిల్ ఎంత అడిగితే సెల్ అంతా ఇవ్వబోతుంది, ఇచ్చే క్రమంలో తాను వేడెక్కుతుంది.

"బ్యాటరీ 3.7 వోల్టులే కదా, 18.5 ఆంపియర్లే అవుతుంది" అని కొందరు లెక్క కడతారు. 3.7 అనేది సగటు. చార్జర్ నుంచి అప్పుడే తీసిన సెల్‌తో పీల్చే మొదటి దమ్ములు 4.2 దగ్గరే మొదలవుతాయి. లోడు పడగానే వోల్టేజ్ కొంత పడిపోతుందన్న మాట నిజమే. కానీ ఎంత పడుతుందన్నది సెల్ వయసును బట్టి, మోడ్ లోపలి మురికిని బట్టి మారుతుంది. అంత నిలకడలేని దాన్ని రక్షణగా లెక్కలోకి తీసుకోకూడదు.

దీనికి మీటర్ తప్పు కూడా తోడవుతుంది. మీటర్ 0.02 ఎక్కువ చూపిస్తోందనుకోండి. అసలు రెసిస్టెన్స్ 0.18, కరెంటు 23 ఆంపియర్లు దాటుతుంది. కిందికి దిగేకొద్దీ చిన్న తప్పు పెద్దదైపోతుంది. 1.0 నుంచి 0.9 ఓమ్‌లకు దిగితే కరెంటు 4.2 నుంచి 4.7కు పెరుగుతుంది, అర ఆంపియర్ తేడా. అదే 0.2 నుంచి 0.1కి దిగితే 21 నుంచి 42కు ఎగబాకుతుంది. తగ్గించింది రెండుసార్లూ 0.1 ఓమే. ఈ ఒక్క పోలిక మనసుకు పట్టినవాళ్లు తొందరపడి చుట్టరు.

మేము చెప్పే పద్ధతి ఇది. సెల్ నిరంతర రేటింగ్‌లో పావు వంతు పక్కన పెట్టేయండి. 20 ఆంపియర్ల సెల్‌కు 15 మిగులుతుంది. 4.2ను 15తో భాగిస్తే 0.28. అంటే మీ మోడ్‌లో 0.28 ఓమ్‌లకు దిగువకు వెళ్లొద్దు, 0.3 దగ్గర ఆగితే ఇంకా మంచిది. 25 ఆంపియర్ల సెల్‌కు ఇదే లెక్కలో 0.22, 15 ఆంపియర్ల సెల్‌కు 0.37 వస్తాయి. పాతబడ్డ సెల్ లోపలి రెసిస్టెన్స్ పెరిగి అదే కరెంటుకు ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, పక్కన పెట్టిన ఆ పావు వంతు వృథా కాదు.

ప్రశ్న: బ్యాటరీ మీద "40 ఆంపియర్లు, 3500 ఎంఏహెచ్" అని రాసి ఉంది. నమ్మొచ్చా?

జవాబు: ఎంఏహెచ్ అంటే సెల్ పట్టి ఉంచే నిల్వ, ఆంపియర్లు అంటే ఒక్కసారిగా ఇవ్వగల కరెంటు. 18650 సైజులో ఆ రెండూ ఒకే సెల్‌లో కుదరవు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవున్న డబ్బాలో పట్టే పదార్థానికి హద్దుంది. నిల్వ పెంచాలంటే ఎలక్ట్రోడ్ పూత మందంగా వేయాలి, ఎక్కువ కరెంటు కావాలంటే పల్చగా వేయాలి. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గక తప్పదు. పేరున్న తయారీదారుల సెల్స్ చూస్తే ఈ బేరం కనిపిస్తుంది: శాంసంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్‌కు 20 ఆంపియర్లు, సోనీ వీటీసీ5ఏ 2600కు 25 ఆంపియర్లు, శాంసంగ్ 30క్యూ 3000కు 15 ఆంపియర్లు.

సెల్ తయారు చేయకుండా, ఎవరో చేసినదానికి కొత్త తొడుగు వేసి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. 40 అనే అంకె సాధారణంగా పల్స్ రేటింగ్, అంటే కొద్ది సెకన్లు లాగి వదిలేసేది. ఎన్ని సెకన్లు, ఎంత విరామం అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా పెట్టుకుంటారు కాబట్టి దాంతో రెండు సెల్స్‌ను పోల్చలేం. బటన్ ఇరుక్కుంటే పల్స్ కాస్తా నిరంతరం అవుతుంది. లెక్కకు నిరంతర రేటింగే తీసుకోండి. ఇక 9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 కనబడితే అది ఏ పనికీ కొనకండి.

ప్రశ్న: ఎప్పుడూ 24 గేజ్ (తీగ మందాన్ని చెప్పే అంకె) కాంథాల్ అనే మిశ్రలోహపు వైరుతో రెండు కాయిల్స్, ఒక్కోటి 3 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో ఆరేసి చుట్లు వేస్తాను. ఈసారి వైరు మార్చి అన్నే చుట్లు వేశాను. మోడ్ చేతిలో పట్టుకోలేనంత వేడెక్కింది. చుట్లు మారలేదు కదా?

జవాబు: చుట్లు మారలేదు, లోహం మారింది. ఏ వైరు వేశారో మీరు రాయలేదు కాబట్టి మూడింటికీ లెక్క కట్టి చూపిస్తాం. ఇది ఒక్కసారి చేత్తో చేసి చూడండి, మళ్లీ మర్చిపోరు.

ముందు పొడవు. 24 గేజ్ వైరు మందం 0.51 మిల్లీమీటర్లు. చుట్టు కొలత వైరు మధ్య నుంచి తీసుకోవాలి కాబట్టి 3కి 0.51 కలిపి 3.51ని 3.14తో గుణిస్తే ఒక చుట్టుకు 11 మిల్లీమీటర్లు. ఆరు చుట్లకు 66. పోస్టుల (కాయిల్ కాళ్లను స్క్రూలతో బిగించే దిమ్మల) దాకా సాగే రెండు కాళ్లకు కలిపి 10 వేసుకుంటే మొత్తం 76 మిల్లీమీటర్లు.

తర్వాత వైరు. 24 గేజ్‌లో కాంథాల్ ఏ1 మీటరు పొడవుకు దాదాపు 7.1 ఓమ్‌లు, నైక్రోమ్ 80 దాదాపు 5.3, స్టెయిన్‌లెస్ స్టీల్ 316ఎల్ దాదాపు 3.7. 76 మిల్లీమీటర్లంటే 0.076 మీటరు కాబట్టి వీటిని 0.076తో గుణించండి. కాంథాల్ కాయిల్ ఒక్కోటి 0.54 ఓమ్‌లు. రెండూ ప్యారలల్‌గా (కరెంటుకు పక్కపక్కన రెండు దారులుగా) ఉంటాయి కాబట్టి సగం, 0.27. ఫుల్ చార్జ్‌లో 15.6 ఆంపియర్లు. అదే నైక్రోమ్ అయితే ఒక్కోటి 0.40, రెండూ కలిస్తే 0.20, కరెంటు 21. స్టీల్ అయితే ఒక్కోటి 0.28, రెండూ కలిస్తే 0.14, కరెంటు 30. అదే చుట్ట, అదే డెక్ (కాయిల్‌ను బిగించే పీఠం). బ్యాటరీ మీద పడే భారం మాత్రం రెట్టింపు దాకా వెళ్లింది.

మూడు వైర్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రీల్ మీద చీటీ ఊడిపోతే కళ్లతో తేల్చడం కష్టం. కాబట్టి రీల్ తెరిచిన రోజే చీటీ మీద టేపు అంటించండి. చీటీ లేని వైరు దొరికితే ఒక 100 మిల్లీమీటర్ల ముక్కను డెక్ మీద బిగించి, పోస్టుల మధ్య మిగిలిన పొడవు కొలిచి, మీటర్ మీద ఎంత వచ్చిందో చూడండి. దాన్నిబట్టి మీటరు పొడవుకు ఎన్ని ఓమ్‌లో తేలుతుంది, వైరు ఏదో తెలుస్తుంది. అప్పటికీ తేలకపోతే పారేయండి.

ప్రశ్న: లెక్క ప్రకారం 0.27 రావాలి. మీటర్ ఒకసారి 0.54 అంటుంది, స్క్రూ ముట్టుకుంటే 0.29 అంటుంది. ఏది నిజం?

జవాబు: మీరు ముందే లెక్క వేసుకోబట్టి ఈ ప్రశ్న అడగగలిగారు. 0.54 అంటే సరిగ్గా రెట్టింపు. రెండు కాయిల్స్‌లో ఒకటి కరెంటుకు అందడం లేదన్నమాట. ఏదో ఒక కాలు స్క్రూ కింద సరిగా పడలేదు. ఇక్కడ పెద్ద పొరపాటు జరిగే వీలుంది: 0.54 చూసి "ఇంకా దిగొచ్చు" అనుకుని చుట్టు తగ్గించేవాళ్లుంటారు. ఆ తర్వాత వేడికి లోహం కదిలి వదులు కాలు అంటుకుంటే రెసిస్టెన్స్ ఒక్కసారిగా సగానికి పడిపోతుంది.

అంకె నిలకడగా లేకపోతే ముందు స్క్రూలు బిగించండి. తర్వాత ఆటమైజర్ (కాయిల్, ద్రవాన్ని పీల్చే దూది ఉండే పైభాగం) అడుగున మధ్య పిన్నును, దాని చుట్టూ ఉన్న మరలను పొడి గుడ్డతో తుడవండి. అక్కడికి జారిన ద్రవం వల్ల అంకెలు ఊగుతాయి. లెక్క కంటే తక్కువ వస్తే అది ఇంకా ముఖ్యం. కాలు కొస డెక్‌ను తాకుతూ షార్ట్ చేస్తుండొచ్చు, లేదా కాయిల్ పైన పెట్టే టోపీకి ఆనుతుండొచ్చు. టోపీ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొలవండి. పెట్టాక అంకె పడిపోయిందంటే కత్తిరించని కాలు కొస ఎక్కడో గోడకు తగులుతోంది.

కొలిచేది కాయిల్ చల్లగా ఉన్నప్పుడు. స్టీల్ వేడిమీద ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మితే అసలు అంకె కింద ఉంటుంది. మామూలు మల్టీమీటర్ కూడా ఈ పనికి సరిపోదు. దాని వైర్ల సొంత రెసిస్టెన్సే 0.1 నుంచి మొదలవుతుంది, మీరు కొలవబోయేదేమో 0.27. ఆటమైజర్ నేరుగా బిగించే ఓమ్ మీటర్ ఒకటి కొనుక్కోండి. ఈ మొత్తం వ్యవహారంలో బ్యాటరీ తర్వాత డబ్బు పెట్టాల్సింది దానికే.

ప్రశ్న: నాది రెగ్యులేటెడ్ మోడ్. 0.15 పెట్టినా 80 వాట్లకే ఉంచుతాను. నాకు ఈ ఓమ్‌ల గొడవ అక్కర్లేదు కదా?

జవాబు: సగం నిజం. రెగ్యులేటెడ్ మోడ్‌లో బ్యాటరీ, కాయిల్ నేరుగా కలవవు. మధ్యనున్న సర్క్యూట్ వోల్టేజ్ మార్చి ఇస్తుంది. అందువల్ల బ్యాటరీ మీద భారం ఓమ్‌లను బట్టి కాదు, వాట్లను బట్టి ఉంటుంది. లెక్క వేరే, లెక్క అక్కర్లేకపోవడం మాత్రం లేదు.

ఇక్కడ ఫుల్ చార్జ్ కాకుండా బ్యాటరీ అయిపోవస్తున్న దశను తీసుకోవాలి. వోల్టేజ్ తగ్గేకొద్దీ అవే వాట్ల కోసం సర్క్యూట్ ఎక్కువ కరెంటు లాగుతుంది. మోడ్ 3.2 వోల్టుల దగ్గర ఆగిపోతుందని, సర్క్యూట్‌లో పది శాతం వేడిగా పోతుందని అనుకుంటే, 3.2ను 0.9తో గుణించి 2.88, దాంతో 80ని భాగిస్తే 27.8 ఆంపియర్లు. ఒకే సెల్ మోడ్ అయితే ఇది 20 ఆంపియర్ల సెల్‌కు మించిపోయింది. రెండు సెల్స్ ఉంటే ఒక్కోదానికి 40 వాట్లు, 13.9 ఆంపియర్లు, ఇబ్బంది లేదు. ఒకే సెల్ మోడ్‌ను 50 వాట్ల దగ్గర ఉంచితే 17 ఆంపియర్ల చిల్లర అవుతుంది.

ప్రశ్న: రెండు బ్యాటరీలు ఒకదానిమీద ఒకటి పెట్టే మెకానికల్ మోడ్ చూశాను. 0.2 కాయిల్‌ను ఇద్దరు పంచుకుంటారు కదా?

జవాబు: పంచుకోరు. ఒకదానిమీద ఒకటి పెడితే సిరీస్, వోల్టేజ్ 8.4. దాన్ని 0.2తో భాగిస్తే 42 ఆంపియర్లు, ఆ 42 రెండు సెల్స్‌లో ఒక్కోదాని గుండా పూర్తిగా పోతుంది. పంచుకునేది పక్కపక్కన ప్యారలల్‌గా కలిపినప్పుడే. కాయిల్ లెక్క కంటే ముందు మోడ్‌లో ఏ అమరిక ఉందో తెలియాలి. సిరీస్ మెకానికల్ వద్దన్నదే మా ఖచ్చితమైన మాట, అనుభవం ఉన్నవాళ్లకైనా సరే.

ప్రశ్న: హైబ్రిడ్ మోడ్ అంటే భయపెడుతున్నారు. వేప్ పేలి చనిపోయినవాళ్లు నిజంగా ఉన్నారా?

జవాబు: ఉన్నారు. అమెరికాలో 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సస్‌లో ఒకరు పరికరం పేలి చనిపోయారు. 2009 నుంచి 2016 చివరి వరకు అమెరికా వార్తల్లో వచ్చిన ప్రమాదాలను ఆ దేశపు అగ్నిమాపక పరిపాలన విభాగం లెక్కపెడితే 195 తేలాయి. వాటిలో 61 పరికరమో, విడి బ్యాటరీయో జేబులో ఉండగా జరిగినవి. జేబు సంగతి తర్వాత చెబుతాం.

హైబ్రిడ్‌లో ఆటమైజర్ మధ్య పిన్ను నేరుగా బ్యాటరీ పాజిటివ్ మీద కూర్చుంటుంది. మామూలు మోడ్‌లో మధ్యన ఉండే కాంటాక్టు, ఇన్సులేటర్ ఇందులో ఉండవు. ఆటమైజర్ అడుగును కంటి ఎత్తులో పట్టుకుని పక్క నుంచి చూడండి. మధ్యలో పిన్ను, దాని చుట్టూ ఇన్సులేటర్ రింగు, ఆపైన మరలున్న గొట్టం. పిన్ను మరల అంచు కంటే స్పష్టంగా బయటికి పొడుచుకుని ఉండాలి. సమానంగా ఉన్నా, లోపలికి నొక్కుకున్నా, పైన స్ప్రింగుతో కదిలే రకమైనా హైబ్రిడ్‌కు పనికిరాదు. అలాంటిది బిగిస్తే మరల అంచు నేరుగా పాజిటివ్‌ను తాకుతుంది. ఇక బటన్ నొక్కగానే కరెంటు కాయిల్ దాకా వెళ్లదు, గొట్టం గుండానే వెనక్కి తిరుగుతుంది. సెల్ లోపలి రెసిస్టెన్స్ 0.03 ఓమ్‌లు అనుకుంటే 140 ఆంపియర్లు. బ్యాటరీ తొడుగు కూడా చిరిగి ఉంటే బటన్ నొక్కాల్సిన పని కూడా లేదు.

సెల్ అంతలా వేడెక్కినప్పుడు పాజిటివ్ వైపున్న వెంట్ తెరుచుకుని వాయువు బయటికి తన్నుకొస్తుంది. మోడ్ గొట్టానికి రంధ్రాలుంటే ఆ వాయువు పోవడానికి దారి ఉంటుంది. లేకపోతే ఒత్తిడి పెరిగి గొట్టం బలహీనమైన కొస ఎగిరిపోతుంది, ఆ కొస మీ ముఖం వైపే ఉంటుంది. రంధ్రాలు లేని మెకానికల్ మోడ్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. రంధ్రాలున్నా వాటిమీద స్టిక్కర్ అంటించకండి, మురికి చేరితే పిన్నుతో తీయండి.

ప్రశ్న: బ్యాటరీ తొడుగు పైఅంచున కొద్దిగా చిరిగింది. టేపు వేస్తే చాలా?

జవాబు: చాలదు. సెల్ డబ్బా మొత్తం, అడుగు నుంచి పైఅంచు దాకా, నెగటివ్. పాజిటివ్ అన్నది మధ్యలో చిన్న బిళ్ల మాత్రమే. రెంటికీ నడుమ ఉన్నది సన్నని తెల్ల రింగు. తొడుగు పైఅంచు దగ్గర గోరంత చిరిగి లోపల వెండి మెరుపు కనిపిస్తోందంటే నెగటివ్ బయటపడిందన్నమాట. మోడ్ గోడ నెగటివ్ కాకపోతే, లేదా పైనున్న కాంటాక్టు వెడల్పుగా ఉంటే అక్కడే షార్ట్. హీట్ ష్రింక్ తొడుగు కొత్తది వేయండి, తెల్ల రింగు దెబ్బతింటే అదీ మార్చండి. డబ్బా మీద సొట్ట ఉంటే తొడుగు మార్చి లాభం లేదు, సెల్‌నే తీసేయండి.

జేబు సంగతి ఇదే. విడి బ్యాటరీని తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేస్తే, పాజిటివ్‌కూ ఆ పక్క మిల్లీమీటర్ల దూరంలోని డబ్బా అంచుకూ ఒక్క నాణెం వంతెన వేస్తుంది. ప్లాస్టిక్ పెట్టె లేకుండా విడి సెల్‌ను ఇల్లు దాటించకండి. మెకానికల్ మోడ్‌ను జేబులో వేసేటప్పుడు బటన్ లాక్ తిప్పడం కాదు, బ్యాటరీ తీసేయండి.

ప్రశ్న: కాయిల్ చుట్టాక ఎర్రగా కాల్చి పిండాలంటారు. ఎంత సేపు కాల్చాలి? నాకైతే దూది పెట్టాక మాడు వాసన వస్తోంది.

జవాబు: రెండు వేర్వేరు సంగతులు.

కాల్చడం ఎందుకంటే వేడి సమంగా పాకుతోందో లేదో చూడటానికి. దూది లేకుండా, 15–20 వాట్ల దగ్గర, ఒక్కో సెకను చొప్పున నొక్కి వదలండి. గదిలో వెలుతురు తగ్గిస్తే బాగా కనిపిస్తుంది. సరైన కాయిల్‌లో ఎరుపు నడుమ చుట్టులో సన్నగా మొదలై రెండు కొసలకూ ఒకే వేగంతో పాకుతుంది. ఒక చుట్టు మాత్రం ముందే మెరిసిందంటే అక్కడ తీగలు సరిగా ఆనలేదు. కరెంటు ఆపి, సిరామిక్ కొసల పట్టకారుతో మెల్లగా పిండండి, లేదా సన్నని పుల్లతో చుట్ల మీద గీరండి. కాలు ముందు వెలిగితే స్క్రూ వదులైంది. ప్లాస్టిక్ హ్యాండిల్ ఉన్నా లోహపు పట్టకారును బటన్ నొక్కి ఉండగా కాయిల్ మీద పెట్టకండి, చుట్లను అది షార్ట్ చేస్తుంది. తెల్లగా మెరిసేదాకా కాల్చడం అనవసరం, లోహం పెళుసవుతుంది. నికెల్, టైటానియం వైర్లను మాత్రం ఎర్రగా అసలు కాల్చకూడదు; టైటానియం మీద తెల్లని ఆక్సైడ్ పొడి ఏర్పడుతుంది, అది ఊపిరిలోకి పోకూడదు. ఈ పని మొత్తం షార్ట్ రక్షణ ఉన్న రెగ్యులేటెడ్ మోడ్ మీదే చేయండి.

మాడు వాసనకు కారణం దూదికి ద్రవం అందకపోవడం. దూది కాయిల్ గుండా లాగుతుంటే కాస్త పట్టు తగలాలి, కాయిల్ మాత్రం వంగకూడదు. బిగుతుగా కూరితే ద్రవం పాకదు, వదులుగా పెడితే తీగకు ఆనదు. దూది కొసలు ద్రవం నిలిచే గుంతల అడుగును తాకాలి, గుంతను నింపేయకూడదు. తక్కువ ఓమ్‌లు, ఎక్కువ వాట్లు అంటే దూది అంతే వేగంగా ద్రవాన్ని మోయాలి, ఆ వేగానికి హద్దుంది. ఎండిన దూది మీద గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ విరిగి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విష పదార్థాలు పుడతాయి. మాడు రుచి తగిలిందంటే అక్కడే ఆపి దూది మార్చండి. ఇంకో దమ్ము లాగి పరీక్షించడం వద్దు.

ప్రశ్న: సిగరెట్ అలవాటు లేదు. కాయిల్స్ చుట్టడం సరదాగా ఉందని మొదలుపెడదామనుకుంటున్నా.

జవాబు: మొదలుపెట్టకండి. నికోటిన్ త్వరగా పట్టుకుంటుంది, వదలడానికి చాలా కాలం పడుతుంది. సర్క్యూట్‌లు, లోహాలు, లెక్కలు ఇష్టమైతే అదే ఓమ్ సూత్రంతో చేసే పనులు బోలెడున్నాయి.

ప్రశ్న: ఇవన్నీ ఎవరూ నేర్పరు. సొంతంగా నేర్చుకోవాలంటే ఏ వరస పాటించాలి?

జవాబు: వైరు ముట్టుకోకముందు కాగితం. కింది ప్రశ్నలకు క్యాలిక్యులేటర్ యాప్ లేకుండా జవాబు రాయగలగాలి: 0.35 ఓమ్‌ల మీద 4.2 వోల్టులు పడితే ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వాట్లు? 0.6 ఓమ్‌ల కాయిల్స్ రెండు ప్యారలల్‌లో ఎంత? రెండు సెల్స్ ప్యారలల్ మోడ్‌లో 0.2 కాయిల్ పెడితే ఒక్కో సెల్ మీద ఎంత? జవాబులు వరసగా 12 ఆంపియర్లు, 50.4 వాట్లు, 0.3 ఓమ్‌లు, 10.5 ఆంపియర్లు. ఇవి తడబడకుండా వచ్చేదాకా చుట్టడం వాయిదా వేయండి. యాప్ వాడొద్దని కాదు. యాప్‌లో వైరు పేరు తప్పుగా ఎంచుకుంటే అది తప్పు అంకెనే ధీమాగా చెబుతుంది, ఆ తప్పు పట్టుకోవాల్సింది మీరే.

తర్వాత మీ మోడ్ బొమ్మ గీయండి. పాజిటివ్ నుంచి బయల్దేరిన కరెంటు ఏ ముక్క తర్వాత ఏ ముక్క గుండా పోయి నెగటివ్‌కు చేరుతుందో గీత గీయండి. ఎక్కడెక్కడ ఇన్సులేటర్ ఉందో గుర్తు పెట్టండి. గీత మధ్యలో "ఇక్కడ ఏముందో తెలియదు" అని ఆగిపోతే ఆ మోడ్ ఇంకా మీకు తెలియదనే.

అప్పుడు చుట్టడం. తొలి కాయిల్స్ తేలికైనవి వేయండి: 26 గేజ్ కాంథాల్, 3 మిల్లీమీటర్ల పుల్ల మీద ఆరు చుట్లు. ఆ వైరు మీటరు పొడవుకు 11.3 ఓమ్‌లు, కాళ్లతో కలిపి 74 మిల్లీమీటర్లు, 0.84 ఓమ్‌లు రావాలి. ఒక నోటు పుస్తకంలో వైరు, గేజ్, వ్యాసం, చుట్లు, "నా అంచనా" అని రాసి, ఆ తర్వాతే మీటర్ మీద పెట్టండి. ఈ వరస తిరగేస్తే నేర్చుకునేదేమీ ఉండదు, ఎందుకంటే మీటర్ అంకె కళ్లముందుంటే అంచనా దానికే అతుక్కుంటుంది. అంచనాకూ మీటర్‌కూ పది శాతం కంటే ఎక్కువ తేడా వస్తే బటన్ నొక్కకండి. తేడా ఎక్కడిదో దొరికేదాకా వెతకండి: కాలు పొడవా, చుట్టు ఒకటి ఎక్కువా, వదులు స్క్రూయా, వేరే వైరా. అలా పది కాయిల్స్ వరసగా అంచనాలో పడ్డాక 0.5కి రండి. అంతకంటే కిందికి దిగడం తప్పనిసరి కాదు. రుచికోసమే అయితే 0.4–0.6 మధ్య మంచి గాలి దారి, సరైన దూది ఇచ్చే ఫలితాన్ని 0.15 అంకె ఇవ్వదు.

ప్రశ్న: బ్యాటరీ చార్జింగ్‌లో ఏ జాగ్రత్తలు? వేడెక్కితే నీళ్లు పోయకూడదంటారు, నిజమేనా?

జవాబు: విడి చార్జర్ వాడండి, 2500 ఎంఏహెచ్ సెల్‌కు ఒక ఆంపియర్ వేగం చాలు. అది 4.2 దగ్గర ఆపుతోందో లేదో మల్టీమీటర్‌తో అప్పుడప్పుడూ చూడండి. 4.25 దాటితే చార్జర్ మార్చండి. ఇంట్లో అందరూ పడుకున్నాక, మంచం మీద, దుప్పటి పక్కన చార్జింగ్ వద్దు. మెకానికల్ మోడ్‌లో బ్యాటరీ అయిపోయిందని చెప్పేవాళ్లుండరు కాబట్టి ఆవిరి పల్చబడగానే తీసి కొలవండి. విశ్రాంతిలో 3.5 వోల్టుల దగ్గరే చార్జింగ్‌కు పెట్టడం మంచిది. 2.5 కంటే కిందికి పడిపోయి రోజుల తరబడి ఉండిపోయిన సెల్‌ను మళ్లీ చార్జ్ చేయకండి. రెండు సెల్స్ మోడ్‌లో వాడే జంటను మొదటి రోజు నుంచి జంటగానే వాడండి, జంటగానే చార్జ్ చేయండి. పాతదానితో కొత్తది కలిపితే బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది, మిగతాది దాన్ని ఇంకా కిందికి లాగుతుంది.

నీళ్ల మాట లిథియం లోహం గురించి చెప్పేది. మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే లిథియం అయాన్ సెల్‌కు నీళ్లే మంచి విరుగుడు, ఎందుకంటే చల్లార్చడమే అక్కడ అసలు పని. మోడ్ చేతిలో ఉన్నట్టుండి కాలిపోతే, బుసబుసమని చప్పుడొస్తే, తీపి వాసన తగిలితే, తెరిచి చూడాలనుకోకండి. ఖాళీ నేల మీద, వీలైతే ఆరుబయట పడేసి దూరం జరగండి. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, పీల్చకూడదు. మంట ఆగిందనుకున్నాక కూడా మళ్లీ రాజుకోవచ్చు, కాబట్టి దూరం నుంచి బాగా నీళ్లు పోసి చాలాసేపు వదిలేయండి. ఒంటిమీద కాలితే బట్టలు తీసేసి ధారగా పారే నీళ్ల కింద ఉంచి ఆసుపత్రికి వెళ్లండి, "లిథియం బ్యాటరీ వల్ల కాలింది" అని డాక్టరుకు ముందే చెప్పండి. మామూలు కాలుడుతో పాటు రసాయన గాయం కూడా ఉంటుంది.

ప్రశ్న: విమానంలో బ్యాటరీలను పెద్ద సూట్‌కేసులో పెట్టి పంపేయొచ్చా?

జవాబు: కూడదు. విడి లిథియం బ్యాటరీలు, వేపింగ్ పరికరాలు మీతోపాటు క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి. సామాన్ల గదిలో మంట అంటుకుంటే దగ్గరుండి ఆర్పేవాళ్లు ఉండరు. పరికరాలను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదని 2015 నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన. మోడ్‌లోంచి బ్యాటరీ తీసి, ఒక్కో సెల్‌ను విడిగా ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి. విమానంలో వాటిని చార్జ్ చేయడం కూడా నిషిద్ధం. దిగబోయే దేశంలో పరికరాన్నే నిషేధించి ఉండొచ్చు, టికెట్ కొనేముందే అక్కడి చట్టం చూసుకోండి.